పాలకొడిశ డాక్టరు గారి ప్రొబేషన్

బూసికొండ ఆరోగ్య కేంద్రానికి ఆ ఏడాది ప్రభుత్వం ఒక పాలకొడిశ చెట్టుని డాక్టరుగా వేసింది.

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. అంతకుముందు ఏడేళ్లలో పదకొండుమంది మనుషుల్ని వేశారు. ఘాట్ రోడ్డు చివరి మలుపు దాకా వచ్చినవాళ్లు ఇద్దరు. జాయినైన పూటే సెలవు చీటీ పెట్టి చక్కాపోయినవాడు ఒకడు. చెట్టయితే ఎలాగూ ఆ ఆవరణలోనే ఉంది. క్వార్టర్ అడగదు, పిల్లల చదువులంటూ బదిలీకి పైరవీలు చెయ్యదు. దాని చెక్క కషాయం తాగితే జిగట విరేచనాలు కడతాయని ఆ కొండమీద అందరికీ తెలుసు. జాయినింగ్ రిపోర్టు మీద సంతకానికి బదులు ఒక పాలచుక్క అంటించి పైకి పంపారు.

ఏఎన్ఎం వంతల సన్యాసమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో పక్కన డాక్టరుండగా పనిచెయ్యడం ఆవిడకదే మొదలు. పొద్దున్నే "నమస్తే డాక్టర్ గారూ" అనేది. ఎండ పడే వైపు రెండు వేళ్ల మేర చెక్క గీకి, గాయానికి మట్టి మెత్తి, కషాయం కాచేది. ఒక పక్కే గీకాలి, అది మానేదాకా ఇంకో పక్క ముట్టుకోకూడదు. వాళ్ల అవ్వ నేర్పిన పద్ధతి అది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఓ చేత్తో, కషాయం ఓ చేత్తో. ఆ వానాకాలం బూసికొండలో ఒక్క పసిబిడ్డా పోలేదు.

అదిగో, అదే కొంప ముంచింది. పిల్లల చావుల గడిలో సున్నా అని చూసి, కంప్యూటర్ పాడైందేమోనని జిల్లా ఆఫీసు నుంచి సూపరింటెండెంట్ ధనుంజయరావు తనిఖీకి వచ్చాడు.

"నిజంగానే ఉన్నారే!" అని ఉలిక్కిపడ్డాడు.

"ఎక్కడికెల్తారు బాబూ," అంది సన్యాసమ్మ. "నిరుడు ఆరుగురు పిల్లలు పోనారు. ఈయేడు ఒక్కలూ పోనేదు."

"అది రుజువెలా అవుతుందమ్మా? ఈయనలో ఆల్కలాయిడ్లున్నాయని, అవి మందుకి పనికొస్తాయని రిపోర్టు కావాలి. లేకపోతే ప్రొబేషన్ పూర్తవదు. పోస్టు రద్దు."

రూల్స్ ఆయన కంఠతా అప్పజెప్పాడు. చెక్క మూడు ల్యాబులకి వెళ్లాలి, ఒక్కోదానికి మూడు కాపీలు. జిరాక్సు చెల్లదు, చెక్కే కావాలి. నాలుగు దిక్కుల నుంచీ సమానంగా తీయాలి. తూర్పు ఒక్కటే తీస్తే మిగతా దిక్కులకి అన్యాయం జరిగిందని కోర్టుకెళ్లేవాళ్లుంటారు.

"సుట్టూ ఒలిస్తే సచ్చిపోతారు బాబూ!"

"మెడికల్ లీవు బోలెడుంది కదా, పెట్టుకోమను."

సన్యాసమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఒలవకపోతే పోస్టు పోతుంది, మళ్లీ ఖాళీ కుర్చీ, మళ్లీ పిల్లలు. ఒలిస్తే ఏమో, గట్టి ప్రాణం, బతకొచ్చు. మూడోనాడు "తప్పయిపోయింది డాక్టర్ గారూ" అని ఏడుస్తూ చుట్టూ ఒలిచింది. పార్సిల్ వారంలోనే తిరిగొచ్చింది: గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ లేదట. ఆ కొండమీద గెజిటెడ్ అధికారి చెట్టొక్కటే. తన చెక్కని తానే అటెస్ట్ చేసుకోకూడదు. కొండ దిగి సంతకం తెచ్చేసరికి చెక్కకి బూజు పట్టింది. ఇంకో జానెడు పైన మళ్లీ ఒలిచింది.

తొమ్మిది నెలలకి నూట నలభై పేజీల రిపోర్టు వచ్చింది. ఆల్కలాయిడ్లు పుష్కలంగా ఉన్నాయి, వైద్యానికి వీటివల్ల అపారమైన అవకాశాలున్నాయి, మరింత పరిశోధన అవసరం. అప్పటికి చెట్టు మీద ఒక్క ఆకు లేదు. ధనుంజయరావు స్వయంగా వచ్చి, ప్రొబేషన్ పూర్తయిన ఆర్డరు చదివి, ఎండిన కొమ్మకి శాలువా కప్పి చప్పట్లు కొట్టాడు.

"డాక్టరు గారు పోనారు బాబూ," అంది సన్యాసమ్మ. "పైకి రాసేత్తాను."

"పిచ్చిమాటలు మాట్లాడకు. రాశావా, పోస్టు ఎగిరిపోతుంది. ఆవరణలో ఉన్నారా, లేరా?"

"ఉన్నారు."

"మరింకేం?"

మళ్లీ వానలు మొదలయ్యాయి. మొదటి ముసురు రోజు పాంగి కొండమ్మ మనవడిని భుజాన వేసుకుని తడుస్తూ వచ్చింది. బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేక మెడ వాల్చేశాడు.

"డాక్టరు గారున్నారా అమ్మా?"

సన్యాసమ్మ రిజిస్టరు తెరిచింది. వెనక పేజీల్లో ఆ పదకొండుమంది పేర్ల పక్కన, ఏడేళ్ల పాటు, ఏ రోజుకారోజు తన చేత్తో రాసిన మాటే ఈ రోజు గడిలోనూ రాసింది: డ్యూటీలో ఉన్నారు. తర్వాత పంచదార డబ్బా మూత తీసి, నీళ్లు కలుపుతూ చెప్పింది.

"ఉన్నారమ్మా. ఇయ్యి బిడ్డ నోట్లో చెంచాతో పోసుకుంటూ, తొరగా టౌనుకి నడు."