ముందు కుడి చక్రం

గెమ్మెలి సోమన్న ఒక మంగళవారం పొద్దున జీపుకు ముందు కుడి చక్రంగా కుదిరాడు. అంతకు ముందున్నది రబ్బరు చక్రం. అది మంచిదే గానీ తుమ్మెదబంద దారికి చాలలేదని తీసి పక్కన పెట్టారు. సోమన్న కాళ్లు కడుక్కుని వచ్చి, ఆ ఖాళీలో నిలబడి, ఇరుసుకు భుజం ఆనించాడు. రవాణా కార్యాలయం నుంచి వచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు సన్యాసిరాజు గారు అతని పేరూ, ఊరూ, తయారైన సంవత్సరమూ రాసుకున్నారు.

జీపు పాంగి గోవిందుది. గోవిందు సోమన్నకు బావ, అంటే సోమన్న భార్య సుక్రికి సొంత అన్న. సుక్రికి అప్పుడు ఎనిమిదో నెల. తుమ్మెదబంద కొండ మీద ఉంటుంది, ఆసుపత్రి కొండ కింద సీతమెట్టలో ఉంటుంది. ఆసుపత్రి గోడ మీద నీలం రంగుతో, వాహనంలో వచ్చిన గర్భిణులను మాత్రమే చేర్చుకొనబడును అని రాసి ఉంది. నడిచి వచ్చినవాళ్లు నడవగలుగుతున్నారు కాబట్టి వాళ్లకు జబ్బేమీ లేదని లెక్క. సుక్రి తన మొదటి కాన్పుకు నడిచే వెళ్లింది. బిడ్డ దక్కలేదు. ఈసారి జీపు గుమ్మం దాకా రావాలని, సుక్రి బిడ్డతో తిరిగి రావాలని ఇంటిల్లిపాదీ పట్టుబట్టారు. ఇక తేలాల్సిందల్లా జీపును ఎంతవరకు మార్చాలన్నదే.

మొదటి మార్పు ఐదో నెలలో జరిగింది. గోవిందు జీపు నడుమును జానెడు పైకి లేపించి, లోతు గాట్లున్న పెద్ద టైర్లు వేయించాడు. జీపు మొదటి వాగు దాకా ఎక్కింది. ఏడో నెలలో రెండో మార్పు. వాగు నీళ్లు ఇంజనులోకి పోకుండా గాలి గొట్టాన్ని టాపు దాకా లేపారు. చెట్టుకు కట్టి బండిని లాక్కోవడానికి ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టే యంత్రం బిగించారు. అడుగున రాళ్లు తగలకుండా మందపాటి రేకు వేశారు. జీపు రెండో వాగు దాకా ఎక్కింది. అక్కడి నుంచి దారి వెడల్పు రెండడుగులు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. జీపు వెడల్పు ఐదడుగులు.

ఈ సంగతి తెలుసుకుని సన్యాసిరాజు గారే స్వయంగా వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి. పెన్ను మూతను పోగొట్టుకోకుండా పెదాల మధ్య పట్టుకుని రాస్తారు. ఆయన దగ్గర మార్పుల పట్టిక ఉంది. దాని ప్రకారం బండికి ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చు, కానీ ఒక్క అసలు భాగమైనా మిగలాలి. అదీ తీసేస్తే బండి బండి కాకుండా పోతుంది, అందులో వచ్చిన మనిషి నడిచి వచ్చినట్టే.

సోమన్న ఒక్కసారి మాత్రం అడిగాడు. "బాబూ, దారిని మార్చకూడదా?"

సన్యాసిరాజు గారు పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదివారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. "దానికి గడి లేదయ్యా," అన్నారు. "దారి అడవి శాఖ వాళ్లది. బండి మనది. మన చేతిలో ఉన్నదాన్నే కదా మనం మార్చుకోవాలి."

అది సబబుగానే తోచింది. అందుకే మూడో మార్పుగా చక్రాలు తీసి మనుషుల్ని పెట్టారు. ముందు కుడి పక్క సోమన్న, ముందు ఎడమ పక్క అతని తమ్ముడు, వెనక ఇద్దరు పొరుగువాళ్లు. సన్యాసిరాజు గారు చిన్న ఇనుప కొలతతో సోమన్న మడమ పగుళ్ల లోతు కొలిచారు.

"మూడున్నర మిల్లీమీటర్లు," అన్నారు ముచ్చటగా. "కొత్త టైరుకు కూడా ఇంత పట్టు ఉండదు. దీనికేమైనా రాస్తున్నావా?"

"మా ఆడది ఇప్పనూనె రాస్తాది బాబూ, రాత్రి పూట."

"మానిపించు. గాట్లు పూడిపోతాయి."

సుక్రి ఆ రోజు నుంచి నూనె రాయడం మానేసింది. గిన్నె కడిగి బోర్లించింది. చక్రాలకు గాలి అన్న గడిలో, రెండు పూటలా చోడి అంబలి అని రాశారు. ప్రయాణంలో చక్రాలు మాట్లాడకూడదని, ముందు చక్రాలు వెనక్కి చూడటం ప్రమాదకరమని చెప్పి సంతకాలు తీసుకున్నారు.

అయితే ఇంజను బరువు చక్రాలకు ఆగలేదు. పది అడుగులు వేసేసరికి వెనక ఎడమ చక్రం మోకాలి మీద కూలబడి, కాసిని నీళ్లు కావాలంది. నాలుగో మార్పు తప్పదని సన్యాసిరాజు గారు అన్నారు. ఇంజను దింపాలి.

గోవిందు బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ జీపును అతను పదకొండేళ్లు నడిపాడు. "ఇంజను లేకపోతే ఇంకేటుంది బాబూ? ఇక్కడితో ఆపేద్దుం."

"ఇక్కడ ఆపితే అది రెండో వాగు దగ్గరే ఆగిపోతుంది బావా," అన్నాడు సోమన్న.

"చక్రానివి, నువ్వు మాట్లాడకు."

"బండి కదల్లేదు కదా. ఆగున్నప్పుడు మాట్లాడొచ్చని కాయితంలోనే ఉంది."

సన్యాసిరాజు గారు చూసి, ఉందని చెప్పారు.

ఇంజను దింపారు. దానితో పాటు గాలి గొట్టానికీ, ఇనుప తాడు యంత్రానికీ, అడుగు రేకుకూ పని లేకుండా పోయింది. వాటినీ విప్పారు. తలుపులు, సీట్లు, టాపు వరసగా వెళ్లాయి. రెండడుగుల దారిలో చక్రాలు పక్కపక్కన నడవలేవు కాబట్టి ముందు రెండూ ఒకదాని వెనక ఒకటి, వెనకవీ అలాగే నిలబడ్డాయి. వరసలో ఉన్నా కాగితం మీద సోమన్న ముందు కుడి చక్రమే. ఇనుప చట్రం వంపుల దగ్గర బండకు కొట్టుకుంటోందని దాని బదులు గట్టి వెదురు వాడారు. కూర్చునే చోటుకు దుప్పటి కట్టారు. కట్టేటప్పుడు ఎవరూ ఎవరినీ ఎలా అని అడగలేదు. ఆ ముడి ఆ ఊళ్లో అందరికీ వచ్చు.

మిగిలినదాన్ని వాగు దగ్గర నుంచి ఊళ్లోకి మోసుకొచ్చాక, చివరికి ఏ ఒక్క అసలు భాగం ఉంచాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"హారను ఉంచండి," అన్నాడు గోవిందు. "వంపులున్నాయి."

"హారనుకు బ్యాటరీ కావాలి. పదకొండు కిలోలు," అన్నారు సన్యాసిరాజు గారు.

"అయితే స్టీరింగు. అది లేకపోతే నేనెందుకు?"

సుక్రి గుమ్మంలో కూర్చుని వింటోంది. నడుం వెనక రెండు చేతులూ ఆనించుకుని, "సీటు దిండు ఉంచన్నా," అంది. "దుప్పటి మీద నడుం ఆగదు. నాకది పనికొస్తాది."

గోవిందు చెల్లెలి వైపు చూశాడు, దిండు వైపు చూశాడు. దిండు ఉంచితే డ్రైవరు ఉండడు. డ్రైవరు లేని బండి ఆసుపత్రి గేటు దగ్గర చెల్లదని సన్యాసిరాజు గారు విచారంగా చెప్పారు. రెండూ ఉంచుకుందామంటే వెడల్పు సరిపోతుంది గానీ బరువు ఎక్కువవుతుంది.

"సరే, సక్రం తిప్పీదే ఉంచండి," అంది సుక్రి. "గేటు దాటడం ముఖ్యం."

స్టీరింగు ఉంచారు. దాన్ని దేనికీ బిగించడానికి లేదు కాబట్టి గోవిందు రెండు చేతులతో పట్టుకుని ముందు నడిచేట్టు, వంపు వచ్చినప్పుడు దాన్ని తిప్పితే చక్రాలు చూసి తిరిగేట్టు ఏర్పాటు చేశారు. వెదురుకు నంబరు పలక కట్టారు.

సోమన్న తల్లి బుద్రమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి జీపు చుట్టూ తిరిగి చూసింది. "ఇదేనేటి? నన్ను ఈణ్ణి కనడానికి దింపింది కూడా ఈ జీపులోనే. అప్పుడు దీనికి నంబరు లేదు, అంతే."

"ఎన్నేళ్లయిందమ్మా?" అని అడిగారు సన్యాసిరాజు గారు.

"ఈడి వయసెంతో అంత. మా యమ్మని కూడా దీంట్లోనే దింపినారట."

సన్యాసిరాజు గారు చాలా సంతోషించారు. తుమ్మెదబందకు మూడు తరాలుగా వాహన సౌకర్యం కలదు అని రాసి బుద్రమ్మ వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం నకలు అడవి వాళ్లకు, రోడ్ల వాళ్లకు పంపుతామని, ఇక ఈ ఊరికి దారి వేయమని ఎవరూ వాళ్లను ఇబ్బంది పెట్టరని చెప్పారు. ఊరివాళ్లు ఆయనకు పనసతొనలు పెట్టారు.

సుక్రికి పదహారు రోజుల తర్వాత తెల్లవారగానే నొప్పులు వచ్చాయి. జీపు గుమ్మంలోకి వచ్చింది. ఆ ఊళ్లో గుమ్మంలోకి వచ్చిన మొదటి జీపు అదేనని కాగితాలు చెబుతాయి. సుక్రి దుప్పట్లో కూర్చుంది, చక్రాలు లేచాయి, గోవిందు ముందు నిలబడి నోటితో రెండుసార్లు హారను కొట్టాడు. బుద్రమ్మ వెనక నడిచింది. ఆమెకు బండిలో చోటు లేదు కాబట్టి ఆమెను బండితో సంబంధం లేని పాదచారిగా చూపించారు.

మొదటి వంపు బాగానే దాటింది. రెండో వంపులో గోవిందు స్టీరింగు కుడికి తిప్పాడు. దారి ఎడమకు ఉంది. చక్రాలు దారినే నమ్మాయి. అతను ఎవరూ చూడలేదనుకుని సర్దుకున్నాడు.

రెండో వాగులోకి దిగేసరికి సుక్రి దుప్పటి అంచు కొరికి పట్టుకుంది. "ఆపండిరా," అంది బుద్రమ్మ. "ఇంక ఆగదు."

జీపు ఆగింది. లోడు ఉండగా చక్రాలు విప్పకూడదు కాబట్టి నలుగురూ మోకాలి లోతు నీళ్లలో వెదురు భుజాన పెట్టుకునే నిలబడ్డారు. సోమన్న వెనక్కి చూడలేదు. ఎదురుగా గోవిందు వీపు, దాని అవతల వాగు. వెనక ఏం జరుగుతోందో భుజం మీద బరువు కదలడాన్ని బట్టి ఊహించుకున్నాడు. చాలాసేపు బరువు ఒక పక్కకే లాగింది. తర్వాత కాస్త తేలిక పడింది. ఏ శబ్దమూ రాలేదు.

"అమ్మా," అన్నాడు సోమన్న. "ఏటైంది?"

అప్పుడు సన్నగా ఏడుపు వినిపించింది.

"ఆడపిల్ల," అంది బుద్రమ్మ. "నువ్వు ముందుకు సూడు."

సీతమెట్ట చేరేసరికి ఎండ ఎక్కింది. దుప్పటి అడుగు నుంచి ఎర్రని చుక్కలు పడుతున్నాయి. సుక్రి పెదాలు తెల్లబడ్డాయి గానీ కళ్లు తెరిచే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర సన్యాసిరాజు గారు కుర్చీ వేసుకుని ఉన్నారు. జీపును చూసి ఆదరంగా లేచి, నంబరు చూశారు, స్టీరింగు తిప్పి చూశారు, నాలుగు చక్రాల అరికాళ్లూ ఎత్తించి చూశారు.

"అన్నీ బాగున్నాయి," అన్నారు. "స్టెపినీ ఏదీ?"

స్టెపినీ గురించి ఎవరూ ఆలోచించలేదు.

"దారిలో ఒక చక్రానికి ఏమైనా అయితే? స్టెపినీ లేని బండికి గేటు తీయకూడదయ్యా. నా చేతిలో లేదు."

"బాబూ, మనిషి పోతాది," అన్నాడు సోమన్న.

"అందుకే అడుగుతున్నాను."

పాప ఏడ్చింది. సన్యాసిరాజు గారు వంగి దుప్పట్లోకి చూశారు. పెన్ను మూత పెదాల మధ్య పెట్టుకుని, ఇనుప కొలత తీసి, పాప కుడి అరికాలు పక్కన మెల్లిగా ఆనించారు.

"మూడంగుళాలు. ఆడపిల్ల చక్రం కాకూడదని ఎక్కడా లేదు. ఇప్పుడే బిగించాలనీ లేదు. బండిలో ఉంటే చాలు." ఆయన సుక్రి వైపు చూశారు. "నీకు సమ్మతమేనా అమ్మా?"

సుక్రి పాపను దగ్గరకు లాక్కుంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "లోయ పక్క మాత్రం వెయ్యకండి బాబూ," అంది.

"స్టెపినీకి పక్క ఉండదమ్మా. ఏది అరిగితే దాని చోటికి వెళ్తుంది."

సుక్రి తలూపింది. ఆయన స్టెపినీ కలదు అని రాసి, గేటు తీయమని చెయ్యి ఊపారు. బుద్రమ్మ దుప్పటి పక్కకు వచ్చి, పాప మడమను బొటనవేలితో ఒత్తి చూసింది.

"మరీ మెత్తగున్నాది," అంది. "నడక వచ్చినాక దీనికి సెప్పులు కొనీకు సుక్రీ."

"కొనను అత్తా," అంది సుక్రి.