సూర్యం గారి వర్ధంతి పాఠం

జరిగినదంతా చరిత్రే అనుకునే అమాయకులు మన దేశంలో ఇంకా ఉన్నారు. జరిగినట్టు ప్రభుత్వం ఒప్పుకున్నదే చరిత్ర. 1982లో, ఉత్తరాదికి పనులకొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్లలు చదివే మా గోవింద్‌పూర్ తెలుగు బడికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఇకపై స్థానిక చరిత్రను పిల్లలకు నిజాయితీగా, సంపూర్ణంగా బోధించవలెను. (అంతవరకు ఎలా బోధించారని మాత్రం అడగలేదు. అది దాని మర్యాద.)

చరిత్ర చెప్పే మార్తా టీచరు ఉద్యోగానికి కొత్త, ఉత్తర్వును నమ్మేసింది. బర్మామైన్స్ బస్తీ పక్క ఇనుము పోతపోసే ఫౌండ్రీలో కొన్నేళ్ళ కిందట షెడ్డు కూలి మన తెలుగు కార్మికుడొకడు చనిపోయిన సంగతి పాఠంగా చెప్పి, అతని పేరు ముసలయ్య అని బోర్డు మీద రాసింది. ఆ తరగతిలోనే అతని కూతురు జగదాంబ ఉంది. ఆ పిల్ల తలెత్తి కూర్చోవడం ఆ రోజే చూశామని తోటివాళ్ళు చెప్పారు.

కానీ ఫౌండ్రీ లెక్కలో చనిపోయింది సూర్యం. ఇందులో చిక్కేమీ లేదు. మనవాళ్ళు కోతలకు ఊరెళ్తే, ఉద్యోగం పోకుండా ఇంట్లోవాళ్ళెవరో వాళ్ళ పేరున్న గేటు టోకెను చూపించి పనిలోకి దిగడం రివాజు. సూర్యం శ్రీకాకుళం వైపు కోతలకు వెళ్ళాడు. అతని టోకెను మీద చెల్లెలి మొగుడు ముసలయ్య లోపలికెళ్ళాడు. షెడ్డు కూలింది. ఫౌండ్రీ టోకెను చూసి సూర్యాన్ని చంపేసింది. తిరిగొచ్చిన సూర్యం, బతికున్నానంటే కేసవుతుందని చనిపోయే ఉండిపోయాడు. ఇప్పుడు బిష్టుపూర్‌లో బట్టల కొట్టు, మా బడి కమిటీలో అధ్యక్ష పదవి నడుపుతున్నాడు. ఏటా తన వర్ధంతికి పిల్లలకు జిలేబీ పంచుతాడు.

మార్తా పాఠం విని హెడ్మాస్టరు నారాయణమూర్తి గారు తలుపేసుకుని కాగితం తీశారు. పైకి రాశారు. జిల్లా చరిత్ర సవరణాధికారి బలరామ్ గారు విచారణకు దయచేశారు. అధ్యక్షుడి హోదాలో ఆయనకు సూర్యమే దండ వేశాడు.

ముసలయ్య భార్య పోలమ్మ వచ్చి నిలబడింది.

"బాబూ, సచ్చింది నా పెనిమిటి. మా అన్న ఇదిగో, మీ పక్క కుర్సీలోనే కూకున్నాడు. అగుపడ్నేదేటి?"

అధికారి పక్కకి తిరిగి చూశారు. "కూర్చున్నారు, కాదనను. కానీ బతికుండటం సొంత విషయం, చనిపోవడం ప్రభుత్వ విషయం. రెండూ కలపకూడదమ్మా."

పోలమ్మ అన్న వైపు తిరిగింది. "అన్నా, నీ నోటితో నువ్వే సెప్పు. బతికున్నానని ఒక్క ముక్క సెప్పు. ఇంకేటీ అడగను."

"సెప్తే ఏటౌద్ది పోలీ? టోకెను మార్చినాడని బావ మీద కేసెడతారు."

"సచ్చినోడి మీద కేసేటన్నా?"

"సచ్చినాడని కాయితం నేదు గదా!"

ఇంత సిగ్గుమాలిన మాట నేను మళ్ళీ వినలేదు. విచారణ నివేదికలో మాత్రం దాన్ని తర్కబద్ధమైన వాదన అని మెచ్చుకున్నారు.

పోనీ సంపూర్ణ చరిత్ర కదా, ఇద్దరి పేర్లూ చెబుతానంది మార్తా. ఒక షెడ్డుకి, ఒక టోకెనుకి, ఒక శవానికి రెండు పేర్లు అతిశయోక్తి అన్నారు అధికారి. ముసలయ్య ఆ ఫౌండ్రీలోకి అడుగే పెట్టలేదు కనుక ఎక్కడో క్షేమంగానే ఉన్నట్టు భావించాలనీ, పోలమ్మ బొట్టు తీసేయడం తొందరపాటనీ తీర్పిచ్చారు. మార్తాను కుట్లు, అల్లికలు నేర్పే తరగతికి మార్చారు. (అక్కడ నిజాయితీ వల్ల ప్రమాదం తక్కువ.)

చరిత్ర పరీక్షలో ఒకే ఒక ప్రశ్న వచ్చింది: షెడ్డు ప్రమాదంలో అమరుడైనది ఎవరు? జగదాంబ "మా నాన్న ముసలయ్య" అని రాసి తప్పింది. హెడ్మాస్టరు పిలిచి మందలిస్తే తల వంచుకుని హిందీలో జవాబిచ్చింది.

"సర్, వో మేరే బాబూజీ థే." ఆయన మా నాన్నగారు అని.

"బంధుత్వాలకు చరిత్రలో మార్కులుండవమ్మా," అన్నారాయన, సౌమ్యంగానే.

తప్పినవాళ్ళకు ఫీజు మాఫీ ఉండదు. నాలుగిళ్ళలో అంట్లు తోమే పోలమ్మ ఇంకో ఏడాది ఫీజు కట్టి చదివించే స్థితిలో లేదు. దయతలచి మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. ఆ పొద్దున బడి గేటు దగ్గర పోలమ్మ కూతురి జడ సరిచేసింది.

"ఆల్లకేటి కావాలో అదే రాసియ్యే అమ్మా. మీ అయ్య ఏటీ అనుకోడు."

జగదాంబ మేనమామ పేరు రాసింది. నూటికి నూరు వచ్చాయి. ఆ ఏటి సత్యనిష్ఠ బహుమతిని స్వర్గీయ సూర్యం గారు స్వహస్తాలతో అందజేశారు.