ఏడు గిన్నెలు వాపస్

తొర్రూరులో ఇంటి నుంచే ఉద్యోగం చేసే సోహైల్ ఆ ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే. తాను మార్చిన ప్రోగ్రామును రెండు గంటలు పరీక్షించి, నాలుగింటిలోగా ఫలితాన్ని హైదరాబాద్‌లోని పై అధికారి ప్రవళికకు పంపాలి. పంపితే ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఊడినట్టే.

"ఏం పని బేటా గది?" చాయ్ ఇస్తూ తల్లి రషీదా బేగం అడిగింది.

"మేం రాసిన కోడ్‌ను చదివి నడిపే ప్రోగ్రాం ఒకటి ఉంటది అమ్మీ. వాడుకున్న మెమరీని అది కంప్యూటర్‌కు వాపస్ ఇయ్యదు, మళ్ల పనికొస్తదని దాచుకుంటది. ఎన్కట కొత్తది అడిగితే లేటయ్యేది, గందుకు. ఇప్పుడు అడగంగనే దొరుకుతది. గా పాత దాచుడు తీసేస్తున్న."

అంతటితో నోరు మూసుకుంటే ఈ కథే లేదు. అల్మారా వైపు చెయ్యి చూపి, "నువ్వు వాడకట్టోళ్ల గిన్నెలు దాచినట్లే" అన్నాడు.

నిజమే, అక్కడ ఏడు గిన్నెలున్నాయి. కూరలతో వచ్చినవి, ఖాళీగా పంపకూడదని ఆగిపోయినవి. రషీదా బేగానికి చురుక్కుమంది. "ఇయ్యాల్నే అన్నీ ఇచ్చేస్త. ఖాళీగ ఇస్తే మాత్రం ఇజ్జత్ పోతది" అంటూ సేమియా ఖీరుకు కరెంటు పొయ్యి పెట్టింది, బాదంపప్పుకు మిక్సీ వేసింది.

ఫ్యూజు పోయింది. కంప్యూటర్ ఆరిపోయి పరీక్ష మొదటికొచ్చింది. సోహైల్ తీగ కట్టి మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, చివరి గిన్నె ఖీరు ఉడుకుతుండగా, ఈసారి ఫ్యూజు పెట్టె మొత్తం మాడిపోయింది.

"మానుకోటల ఉన్న. పొద్దుమూకినంక వస్త" అన్నాడు ఫోనులో ఎలక్ట్రీషియన్ భిక్షం.

"అమ్మీ, నా నౌకరీ పోతది!" సోహైల్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"యా అల్లా! ఎదురింట్ల కరెంటుంది, ఉరుకు!"

ఎదురింటి అహల్య తన స్టీలు గిన్నె రాలేదని నెల రోజులుగా వీళ్లతో మాట్లాడటం లేదు. సోహైల్ కంప్యూటర్‌ను చంకన, తెరను నెత్తిన పెట్టుకుని భయంభయంగా తలుపు తట్టాడు.

"రా బిడ్డా! మీ అమ్మ గిన్నె నిండ ఖీరు పంపింది. ఎంత మంచిదో!" అంది అహల్య, కుర్చీ జరిపి.

మూడున్నరకు పరీక్ష ముగిసింది. వేగం తగ్గలేదు, మెమరీ మిగిలింది. ఫలితం పంపిన పది నిమిషాలకు ప్రవళిక జవాబొచ్చింది. "ఉద్యోగం ఖాయం. ఒక్క మాట, ఆ దాచుకోవడం మళ్లీ పెరగదు కదా?"

సంబరంగా ఇంటికొస్తే అల్మారాలో పదకొండు గిన్నెలున్నాయి. ఖీరు తిన్నవాళ్లు ఊరుకుంటారా? గారెలు, పులిహోర, పచ్చిపులుసు, కొందరైతే రెండేసి పంపారు.

"గివి ఖాళీగ ఎట్ల పంపుడు బేటా?" అంటూ రషీదా బేగం సేమియా డబ్బా దులుపుతోంది.

సోహైల్ ఫోన్ తీసి, "కోడ్‌లో పెరగదు మేడం" అని రాశాడు.