హన్మవ్వ పాసు

1969 వేసవి మొదట్లో, ఆ ఏటి పసుపు అమ్ముడుపోయాక, కోటగిరి ఊరి రైతు భోజన్న, ఆయన భార్య హన్మవ్వ కాశీకి పోయి, తిరుగుదారిలో ఢిల్లీలో దిగారు. ఆ ఉదయం వాళ్ల ఏర్పాటు తేలికైనదే. పది గంటలకు పార్లమెంటు, మధ్యాహ్నం ఎర్రకోట, సాయంత్రం రైలు. పాసుల కోసం భోజన్న ముందురోజే తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడి బంగళాకు వెళ్లి దరఖాస్తు తానే నింపి వచ్చాడు. నిజాం కాలంలో నాలుగో జమాతు దాకా ఉర్దూలో చదివినవాడు; రాతకోతల్లో ఇంకొకరి సాయం అడగడం ఆయనకు నామోషీ.

సందర్శకుల గదిలో వరుస పొడుగ్గా ఉంది. సంచులు, గొడుగులు అప్పగించి, హన్మవ్వ చెంగు సర్దుకుని కిటికీ ముందు నిలబడింది. గుమాస్తా పాసులు రెండూ తిప్పి తిప్పి చూశాడు. ఒకదాని మీద ‘శ్రీమతి భోజన్న’ అని ఉంది. రెండోదాని మీద ‘శ్రీ హన్మవ్వ’.

“వీరిలో శ్రీమతి భోజన్న ఎవరు?” అని హిందీలో అడిగాడు. ఉర్దూ పుణ్యాన ఆ మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

భోజన్న నవ్వాడు. “గీ ఢిల్లోళ్లకు మీసాల పేరేదో గాజుల పేరేదో తెల్వది!”

గుమాస్తా మంచివాడు. ఆమె శ్రీమతి పాసు పట్టుకుని, అడిగితే భోజన్న అని చెబితే చాలు, ఆయన హన్మవ్వ అనిపించుకుంటే గొడవ ఉండదు అన్నాడు. ఎర్రకోట మీద ధ్యాస ఉన్న భోజన్న వెంటనే కిటికీలోని సందర్శకుల పుస్తకంలో ‘హన్మవ్వ’ అని ఉర్దూలో ఒంపులు తిప్పి సంతకం పెట్టేశాడు.

“ఇగ నువ్వు చెప్పు,” అన్నాడు భార్యతో.

పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో హన్మవ్వ మొగుడి పేరు నోటితో పలకలేదు. ఇప్పుడది తన పేరేనని చెప్పాలి.

“నేను చెప్ప.”

“ఒక్కసారి అనే! టైమైతుంది.”

“నీ పేరే నేను తీయను. గది నా పేరని ఎట్ల చెప్త? నా పేరు నాకు ఉత్తగ వచ్చిందా?”

ఉత్తగా రాలేదు. మొదటి ఎన్నికలకు జాబితా రాసినప్పుడు ఆమె అత్త గుమ్మంలో నిలబడి ‘భోజన్న పెండ్లాం’ అని చెప్పింది. సొంత పేరు చెప్పని ఆడవాళ్లను జాబితాలోంచి కొట్టేశారు. హన్మవ్వ ఓటు వేయబోయి, పేరు లేదంటే తిరిగొచ్చింది. మరుసటిసారి రాసేవాడు వచ్చినప్పుడు, అత్త చూస్తుండగానే వాకిట్లోకి వచ్చి తన పేరు మూడుసార్లు గట్టిగా చెప్పి రాయించుకుంది. ఆ తర్వాత ఒక్క ఓటూ తప్పలేదు.

“మేరా నామ్ మేరాచ్ హై!” అని, నా పేరు నాదేనని గుమాస్తాకు తేల్చి చెప్పి, ఆ కిటికీ ముందే నేల మీద కూర్చుంది.

వరుస ఆగిపోయింది. వెనకున్న నాందేడ్ మరాఠీ ఆవిడ సంగతి విని, “బరోబర్!” అని పక్కన చతికిలబడింది. ఆవిడ వెంట వచ్చిన నలుగురు తోడికోడళ్లూ కూర్చున్నారు. ఏమిటి గొడవని వెనకవాళ్లు అడిగారు. ఆమెకు సొంత పేరు కావాలట అన్నారు ముందువాళ్లు. పదిమంది నోళ్లు దాటేసరికి అది సొంత రాష్ట్రం కావాలట అయింది. ఆ రోజుల్లో పత్రికల నిండా తెలంగాణ ఉద్యమమే. ఆమెదీ ఆ ప్రాంతమే అని తెలిశాక ఎవరికీ అనుమానం రాలేదు. ఒక విలేఖరి పుస్తకం తీశాడు. కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనక కళ్లద్దాల అధికారి ఒకాయన చెమట తుడుచుకుంటూ వచ్చి చేతులు జోడించాడు.

“అమ్మా, రాష్ట్రం ఇవ్వడం నా చేతిలో లేదు!”

“రాష్ట్రం సంగతి ఇంకోసారి అడుగుత సారూ. ముందుగాల నా పేరు నాకియ్యిండ్రి.”

అధికారికి ప్రాణం లేచొచ్చింది. అసలు దరఖాస్తు తెమ్మని మనిషిని పంపాడు. భోజన్నకు ఆవేశం వచ్చింది. “తెప్పియ్యిండ్రి సారూ! ఏ గాడిద రాసిండో నేను గూడ సూస్త!”

దరఖాస్తు వచ్చింది. దాని మీద పక్కపక్కనే రెండు గడులు; ఎడమవైపు శ్రీ, కుడివైపు శ్రీమతి, రెండూ హిందీలో. ఆ అక్షరాలు రాని భోజన్న, మగవాడి పేరు ముందు కదా అని, ఉర్దూ అలవాటున కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. హన్మవ్వకు చదువు రాకపోయినా ఆ ఒంపులు ఎవరివో తెలుసు. అందరూ భోజన్న వైపు చూశారు. భోజన్న తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

అధికారి తన చేత్తో కొత్త పాసు రాసి, ‘శ్రీమతి హన్మవ్వ’ అని పైకి చదివి ఇచ్చాడు. ఆమె లేచింది. తోడికోడళ్లు లేచారు. వరుస కదిలింది. భోజన్న కూడా కదలబోతే గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు. పుస్తకంలో సంతకం ప్రకారం ఈయన హన్మవ్వ. ఆ హన్మవ్వకు పాసు ఇచ్చేశారు. కొత్తది కావాలంటే సభ్యుడు మళ్లీ సంతకం చేయాలి, ఆయనేమో సభలో కూర్చున్నాడు.

“ఏమే, నువ్వన్న చెప్పు నేనెవలో!”

“ఈయన ఎవరమ్మా?” అని అడిగాడు గుమాస్తా.

“నా పెనిమిటి.”

“పేరు?”

హన్మవ్వ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. “పెనిమిటి పేరు తీయొద్దు గద సారూ,” అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

గ్యాలరీలో గంటసేపు రెప్ప వేయకుండా కూర్చుంది. కింద ఒకాయన చెయ్యి ఊపుతూ అడుగుతున్నాడు, ఇంకొకాయన కాగితం చూసి జవాబు చెబుతున్నాడు. చెరకు మాట రాలేదు, పసుపు మాట రాలేదు. అయినా వీళ్లందరినీ ఇక్కడికి పంపిన, ఓటు సిరా అంటిన వేళ్లలో తనదీ ఒకటని అనుకుంటే ఆమె గుండె నిండింది. దిగి వచ్చేసరికి భోజన్న బల్ల మీద, అప్పగించిన ఆమె సంచీ తిరిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

“లోపల ఏం జూసినవ్?” అన్నాడు గొంతు తగ్గించి.

“శాన కుర్సీలు ఖాళీగున్నయి. పేరు పిలిస్తెనే లేస్తున్నరు,” అంది హన్మవ్వ.

కోటగిరి చేరాక పార్లమెంటు ఎట్లుందని అడిగిన వాళ్లందరికీ భోజన్న, అక్కడ మంచినీళ్లు చాలా చల్లగా ఉన్నాయని చెప్పాడు.