కోడ్ లేదండీ!

ఆ ఉదయం పని చాలా చిన్నది. కోడలికి నల్ల బూట్లు కొనాలి. రక్తపరీక్షల ల్యాబులో ఆమెకు ఉద్యోగం వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి చేరాలి, కాళ్ళు పూర్తిగా మూసే నల్ల బూట్లు లేనిదే లోపలికి రానివ్వరు. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం. మామగారు తోడు బయల్దేరారు. ముక్కుమీద కోపం వల్ల ఆయన్ని చుట్టాలంతా టపాకాయ అంటారు. ఎడమ చెవి సరిగ్గా వినబడదు. చెవి మిషను ఇంట్లో డబ్బాలో భద్రంగా ఉంది, అది కీచుమంటుందని ఆయనకు దానిమీద కూడా కోపం.

షాపులో అడుగుపెట్టగానే టపాకాయ అంటుకుంది. వెల చెప్పే మనిషి లేడు, వెల రాసిన చీటీ లేదు. ప్రతి పెట్టెమీదా నలుపూ తెలుపూ గళ్ళ చదరం ఒకటి. దానికి ఫోను చూపిస్తే వెల, సైజు, రంగు అన్నీ కనబడతాయట.

"నోరున్న మనుషుల్ని పీకేసి ఈ చదరాలు అంటించారా? దీంతో బేరం ఎలా ఆడాలి?" అని ఆయన అరల మీద అరిచారు. అరలు బదులు చెప్పలేదు.

కోడలు ఒక జత తొడిగి చూసుకుని, "ఇవి సరిపోయాయి మామయ్యా. మీరు లైన్లో నిలబడండి, నేను పైకెళ్ళి మేజోళ్ళు తెస్తాను" అని వెళ్ళింది. ఊరికే నిలబడటం మామగారికి చేతకాదు. పెట్టెమీద ఆ చదరాన్ని చూసినకొద్దీ ఒళ్ళు మండి, గోటితో గీకి గీకి ఊడబీకి పారేశారు.

కౌంటరు అమ్మాయి పెట్టెను ఇటు తిప్పింది, అటు తిప్పింది. పైన పాట చెవులు చిల్లులుపడేలా మోగుతోంది.

"కోడ్ లేదండీ!"

"కోడలేదంటావా? పైన ఉంది. నీకెందుకు?"

"స్కాన్ చెయ్యాలి సార్!"

పొద్దున కోడలు టిఫిను ముట్టకపోవడం మామగారికి గుర్తొచ్చింది.

"కోడలికి స్కానింగా?"

ఆ గోలలో అమ్మాయికి మొదటి రెండక్షరాలే వినబడ్డాయి. "తప్పదు సార్. ఈ రోజుల్లో స్కాన్ చెయ్యకుండా ఏదీ బయటికి రాదు!"

సంతోషం రావలసిన చోట ఆయనకు కోపమే వచ్చింది. ఇంటి పెద్ద తానుండగా బూట్ల కొట్టువాళ్ళకు ముందు తెలుస్తుందా? వెంటనే భార్యకు ఫోను చేసి, "ఏమే, నీ కోడలికి నెల తప్పిందట! నాకెందుకు చెప్పలేదు?" అని విరుచుకుపడ్డారు. తనకూ చెప్పలేదని ఆవిడ కొడుకుమీద విరుచుకుపడింది. తనకే చెప్పలేదని కొడుకు ఎవరిమీదా విరుచుకుపడలేక, మంచి భర్తనిపించుకుందామని ఒక పని చేశాడు.

కోడలు మేజోళ్ళతో కిందికి దిగేసరికి ఆ మంచి భర్త ఫోను.

"నువ్వేం కంగారుపడకు. ఉద్యోగంలో చేరవని ల్యాబుకి చెప్పేశాను. మెట్లు మాత్రం మెల్లిగా దిగు."

కోడలి చేతిలో మేజోళ్ళు కిందపడ్డాయి. నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చింది. "ఎవరు చెప్పారు మామయ్యా ఈ మాట?"

"ఇదిగో, ఈ పిల్లే! నీకు స్కానింగు చేయించాలంది!"

"అయ్యో, నేను కోడ్ లేదన్నాను సార్!" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. "పెట్టెమీద ఉండాల్సిన కోడ్!"

లైను లైనంతా నవ్వింది. కోడలు నవ్వలేదు.

"పెళ్ళయిన మర్నాటినుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న, ఏమైనా విశేషమా, విశేషమా అని. ఈ ఉద్యోగం విశేషం కాదా మామయ్యా? నా నోటితో నేను చెప్పేదాకా ఆగలేరా ఒక్కరూ? నాకెంత మంటగా ఉందో తెలుసా?"

అంత గట్టిగా ఆమె మాట్లాడటం మామగారు ఎప్పుడూ వినలేదు. ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. తప్పు తనదేనని తెలిసినప్పుడు ఆయనకు వచ్చే కోపం మామూలు కోపానికి రెట్టింపు. ఆమె చేత ల్యాబు నంబరు కలిపించి ఫోను లాక్కున్నారు.

"ఇందాక మీకు ఫోన్ చేసినవాడు మా అబ్బాయండీ! వాడి మాట మా ఇంట్లోనే చెల్లదు, మీ ల్యాబులో ఎలా చెల్లుతుంది? మా కోడలు వస్తోంది. వద్దంటే నేనూ వస్తాను!"

అవతల మేడమ్ గొంతు చల్లగా ఉంది. "ఆవిడ ఉద్యోగం గురించి ఆవిడ చెప్తేనే వింటామండీ. మూడింటికి రమ్మనండి. మీరు మాత్రం రాకండి."

కోడలి ముఖం తేటపడింది. కౌంటరు అమ్మాయి పరుగెత్తి అలాంటిదే ఇంకో పెట్టె తెచ్చింది. కీచుమని బిల్లు పడింది. కోడలు కొత్త బూట్లు అక్కడే తొడుక్కుని, మామగారికోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

ఇంటిదగ్గర అత్తగారు ఈపాటికి వీధంతా చాటింపు వేసేశారు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకు అలవాటు లేదు కనుక, ఆ వీధివాళ్ళు తొమ్మిది నెలలూ ఓపిగ్గా ఎదురుచూశారు.