దక్షిణం గేటు దగ్గర జనం

ఆ రోజు లిఫ్టాయన పెట్టుకున్నవి చాలా మామూలు పనులు. నానబెట్టిన బట్టలు ఉతుక్కోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి, వంటగదిలో మాడిపోయిన బల్బు మార్చాలి. అన్నీ పొద్దున్నే అయిపోతే మధ్యాహ్నం నుంచి ఏమీ తోచదు. అందుకని చారెడు పెరుగుని చెంబెడు మజ్జిగ చేసినట్టు, వాటినే సాయంత్రం దాకా సాగదీయాలని నిర్ణయించుకున్నాడు.

ఆయన వయసంతా లిఫ్టులు బాగుచేయడంలోనే గడిచింది. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లని ఎంతమందిని బయటికి లాగాడో లెక్కలేదు. తలుపు తెరుచుకోగానే వాళ్లంతా ప్రాణాలు దక్కాయనుకుని పరిగెత్తేవాళ్లే గానీ, వెనక్కి తిరిగి లాగినవాడి మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. ఉన్న ఒక్క మనిషీ, అంటే ఆయన భార్య, కాలం చేశాక ఇంట్లో మాట వినపడటం మానేసింది. రాంగ్ నంబరు వచ్చినా ఆయన వదిలేవాడు కాదు. "వారు ఇక్కడ లేరు గానీ, మీరు బాగున్నారా అండీ" అని మొదలుపెట్టి అవతలివాళ్ల మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లేవాడు. తను ఉంటున్న భవనంలోని లిఫ్టుని కూడా పలకరించేవాడు. అది తిరిగి మాట్లాడదు కాబట్టి వాళ్లిద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

బట్టలన్నీ బకెట్లో ఉన్నాయి. బీరువా అడుగున వెతికితే ఒక నల్ల టీషర్టు దొరికింది. దాని మీద రెక్కలు విప్పిన చిలక, చిలక కింద 'ఇనుప చిలకలు' అన్న అక్షరాలు. ముప్పై ఏళ్ల కిందట ఊరూరా తిరిగి పాడిన రాక్ బృందం అది. గిటార్లు, డ్రమ్ములు, జుట్లు అన్నీ ఒకే ఎత్తున ఎగిరేవి. ఆ పర్యటనలో ఈ ఊరికీ వచ్చారు. ఆ వెంటనే ఏమైందో, ఎవరి గూటికి వాళ్లు ఎగిరిపోయారు. టీషర్టు పొట్ట దగ్గర కాస్త బిగిసినా, ఎవరు చూడొచ్చారులే అని తగిలించుకుని సెలూనుకి బయల్దేరాడు.

సెలూనాయన గడ్డం కింద కత్తి పెట్టి ఆగిపోయాడు. కప్పిన గుడ్డ పక్కకి తొలగి చిలక ముక్కు కనపడింది.

"అన్నగారూ, ఆ కచేరీకి మీరూ వెళ్లారా?"

నిజానికి లిఫ్టాయన వెళ్లాడు. కాకపోతే లోపలికి వెళ్లలేదు. ఆ రోజు ఏదో ఆఫీసులో లిఫ్టు ఇరుక్కుని ఆలస్యమైంది. మైదానం చేరేసరికి కుండపోత వాన. దక్షిణం గేటుకి ఇంత లావు తాళం. లోపలినుంచి డ్రమ్ములు దడదడమని మోగుతూనే ఉన్నాయి. టికెట్టు జేబులో ముద్దయిపోయేదాకా, మూసేసి ఉన్న టికెట్ల కిటికీ చూరు కింద ఒంటరిగా నిలబడి, ఊరు ఊరంతా లోపల గంతులేస్తుంటే తనొక్కడే బయట మిగిలిపోయాడని ఏడుపొచ్చినంత పనై, ఇంటికొచ్చేశాడు. ఇదంతా చెబితే సెలూనాయన అయ్యో పాపం అంటాడు. క్షవరంతోపాటు కబురూ అక్కడితో అయిపోతుంది. గడ్డం కింద కత్తి ఉన్న మనిషి తల ఊపకూడదు. లిఫ్టాయన ఊపాడు.

"మరి ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ బాబూ" అన్నాడు సెలూనాయన, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. మంగళవారం సెలూనుకి సెలవట. ఆ రోజు షట్టరు సగం దించి, ఆ కచేరీ చూసినవాళ్లు కొందరు అక్కడ కూడి పాత జ్ఞాపకాలు కలబోసుకుంటారట. తప్పకుండా రమ్మన్నాడు. లిఫ్టాయన ఇంటికెళ్లి బల్బు సంగతి మరిచిపోయాడు.

కొందరంటే ఎంతో మంది కాదు. సెలూనాయన, తపాలా ఆఫీసు కిటికీ వెనక కూర్చుని రిటైరైన పోస్టమ్మ, పక్క వీధి పళ్ల డాక్టరు, అంతే. ముగ్గురూ క్షవరం కుర్చీల్లో అద్దం వైపు తిరిగి కూర్చుని, ఒకరి మొహం ఒకరు అద్దంలోనే చూసుకుంటూ మాట్లాడేవారు. గాయకుడు ఎర్ర కోటు వేసుకున్నాడని సెలూనాయన చెప్పాడు. తెల్ల చొక్కా అని పళ్ల డాక్టరు. అసలు చొక్కాయే లేదని పోస్టమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. మనలో మనకైతే ఈపాటికి తలలు పగలగొట్టుకునే దాకా వచ్చేది. వాళ్లు మాత్రం ఒకరినొకరు కాదనలేదు. ముందు కోటు, తర్వాత చొక్కా, ఆఖరికి ఏదీ లేదని తీర్మానించుకున్నారు. నిజంగా చూసినవాళ్ల మర్యాదే వేరని లిఫ్టాయన అనుకున్నాడు.

మొదటి మంగళవారం అబ్బో, ఆహా అంటూ గట్టెక్కాడు. మూలనున్న కుర్చీ పంపు చెడి పైకి లేవకపోతే, ఊరికే ఉండలేక బాగుచేశాడు. ఆ కుర్చీ ఇక ఆయనదేనన్నారు. ఫలానా చోట కూర్చోవాల్సిన మనిషి ఫలానా, అని ఒకరు అనుకోవడం ఎంత సుఖమో ఆయన చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాడు.

రెండో మంగళవారం పోస్టమ్మ ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరేం చెప్పరే? మీరు వేదికకి దగ్గర్లోనే ఉండుంటారు."

"దగ్గరేంటమ్మా, వేదిక కిందే" అన్నాడు లిఫ్టాయన. అనేశాక నాలిక కరుచుకున్నాడు. వేదిక కింద మనిషికి ఏం పని ఉంటుంది? ఆయనకి తెలిసింది ఒక్కటే. దాన్నే పట్టుకుని ఎక్కాడు.

గాయకుడు నేలలోంచి మొలిచినట్టు పైకి రావడానికి వేదిక కింద చిన్న లిఫ్టు పెట్టారట. అది మెడ దాకా వచ్చి ఇరుక్కుందట. బల్ల మీద గుమ్మడికాయ పెట్టినట్టు తలకాయ ఒక్కటే పాడుతుంటే జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని ఈలలు వేశారట. లిఫ్టాయన పాక్కుంటూ కిందికి దూరి, బెల్టు తెగిందని చూసి, తన నడుముకున్న బెల్టు తీసి కట్టాడట. "ఆ తర్వాత కచేరీ అంతా ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే చూశానండీ. చప్పట్లు కొట్టడానికి రెండో చెయ్యేది? తొడ మీద కొట్టుకున్నాను, మూడు రోజులు కమిలిపోయింది."

చెప్పేసి, ఇక తన్ని బయటికి గెంటుతారని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. నిజంగా చూసినవాళ్ల ముందా ఈ కోతలు?

అద్దంలో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ తలకాయ నాకు బాగా గుర్తు" అన్నాడు సెలూనాయన నెమ్మదిగా. పళ్ల డాక్టరు తనకి కాలిన బెల్టు వాసన కూడా వచ్చిందన్నాడు. పోస్టమ్మ అయితే మరీ నొచ్చుకుంది. "టార్చిలైటు పట్టుకుంది నేనే కదా. మరిచిపోయారా?"

"మీరేనా తల్లీ?" అన్నాడు లిఫ్టాయన. "చీకట్లో మొహం కనపడలేదు."

ఇంటిదారంతా ఆయనకి ఒకటే దిగులు. పాపం, ఆ ముగ్గురివీ ముప్పై ఏళ్ల నాటి అసలైన జ్ఞాపకాలు. తను వెళ్లి వాటిలో నీళ్లు పోశాడు. లిఫ్టు ఎక్కి తలుపు వేసుకుని ఆ మాటే దానితో అన్నాడు. అది రెండో అంతస్తు దగ్గర మూలిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. టార్చిలైటు పట్టిన గొప్ప సరిపోక, ఆ మరుసటి వారం పోస్టమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. డ్రమ్ములు వాయించినాయన ఆ వెలుగులో తన్ని చూసి నవ్వాడంది. అయితే మీరు పిలిస్తే వస్తారు, ఒకసారి పిలవండి అన్నాడు పళ్ల డాక్టరు. ఆవిడ మొహం తెల్లబోయింది గానీ వెనక్కి తగ్గే దారి లేదు. పక్క ఊళ్లో డ్రమ్ములాయన కారు డ్రైవింగు నేర్పే బడి నడుపుతున్నాడు. ఆ కార్ల వెనక ఇంతేసి అక్షరాలతో ఫోను నంబరు రాసే ఉంటుంది. అందరి ఎదుటా ఫోను చేసింది. ఆయన వస్తానన్నాడు.

"లిఫ్టు బాగుచేసినాయన్ని చూపిస్తానని చెప్పాను" అంది పోస్టమ్మ.

వేదిక కింద లిఫ్టు ఉందో లేదో ప్రపంచంలో ఖాయంగా తెలిసిన కొద్దిమందిలో డ్రమ్ములాయన ఒకడు.

అందుకని లిఫ్టాయన జబ్బుపడ్డాడు. ఫోనులో నీరసంగా దగ్గి, ఈ మంగళవారం కుదరదన్నాడు. సోమవారం సాయంత్రం తలుపు చప్పుడైతే, రొట్టె, వేడి పాలు పట్టుకుని ముగ్గురూ వాకిట్లో నిలబడి ఉన్నారు. దుప్పటి కప్పుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. పళ్ల డాక్టరు నాడి చూడటానికి వచ్చి, అలవాటుకొద్దీ నోరు తెరవమన్నాడు. సెలూనాయన వంటగదిలోకి వెళ్లి, "ఇంత చీకట్లో ఎలా ఉంటున్నారండీ" అని కిందికి దిగి బల్బు కొనుక్కొచ్చి బిగించాడు. ఆ వెలుగులో పొయ్యి గట్టు మీద బోర్లించిన ఒక్క కప్పు, ఒక్క పళ్లెం కనపడ్డాయి. పోస్టమ్మ వాటిని చూసి, ఇంకేం దొరుకుతాయోనని వెతికింది. పాలు లోటాలో ఒకరు, గిన్నెలో ఒకరు, గరిటెతో ఒకరు తాగి, రేపు మిమ్మల్ని నడిపించుకుని వెళతామని చెప్పి వెళ్లిపోయారు.

నిజం అప్పుడే చెప్పాల్సింది. కానీ చెబితే ఆ బల్బు కూడా విప్పుకుని వెళ్లిపోతారేమోనని భయమేసింది.

మంగళవారం డ్రమ్ములాయన వచ్చాడు. ఒకప్పుడు ఎగిరిన జుట్టులో ఒక్క వెంట్రుకా మిగల్లేదు. సెలూనాయన వృత్తిరీత్యా చిన్నబుచ్చుకున్నాడు. పెద్ద మనిషి, లావుపాటి చేతులు, ఒక చెవి వినపడదు. కుర్చీలో కూర్చోకుండా గోడకి ఆనుకుని, షట్టరు కింది సందులోంచి వీధినే చూస్తున్నాడు, ఇంకా ఎవరైనా వస్తారేమో అన్నట్టు. ఎవరూ రాలేదు.

లిఫ్టాయన్ని మూల కుర్చీలో కూర్చోబెట్టి, గౌరవంగా కనపడాలని పంపు కొట్టి బాగా పైకి లేపారు. సెలూనాయన గొంతు సవరించుకుని, ఆ కచేరీ పరువు కాపాడిన మహానుభావుడు వీరేనని మొదలుపెట్టాడు. తలకాయ సంగతి చెప్పాడు, బెల్టు సంగతి చెప్పాడు. ఆయన పొగుడుతున్నకొద్దీ, మళ్లీ వదులైన పంపులోంచి గాలి పోయి కుర్చీ నెమ్మదిగా కిందికి దిగడం మొదలైంది. ప్యాంటు సంగతి దగ్గరికి వచ్చేసరికి లిఫ్టాయన మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"ఏ లిఫ్టు?" అన్నాడు డ్రమ్ములాయన, వినపడే చెవి ఇటు తిప్పి.

లిఫ్టాయన ఆ గోతిలోంచి లేచి నిలబడ్డాడు. ఆ కుర్చీ ఇక తనది కాదనుకున్నాక మాట తేలిగ్గానే వచ్చింది.

"లిఫ్టూ లేదు, బెల్టూ లేదండీ. నేనసలు మీ కచేరీ చూడలేదు. దక్షిణం గేటు బయట నిలబడి వెళ్లిపోయాను. వీళ్లు ముగ్గురూ చూసినవాళ్లు. వీళ్ల మధ్య కూర్చోవాలనిపించి అబద్ధం చెప్పాను. వీళ్లని ఏమీ అనకండి."

డ్రమ్ములాయన ఆ ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. ముగ్గురూ అద్దంలో ఎవరికి వాళ్లు చాలా ముఖ్యమైనదేదో కనపడ్డట్టు చూసుకుంటున్నారు.

"కచేరీ నేనూ చూడలేదు" అన్నాడు డ్రమ్ములాయన. "జరిగితే కదా. వానకి తీగలన్నీ తడిసిపోయాయి. మైదానం వాడు అన్ని గేట్లకీ తాళాలేసి ఇంటికెళ్లిపోయాడు. మేం వెనక గేటు దగ్గర బస్సులో కూర్చున్నాం, చీకటి పడేదాకా. ఒక్క పురుగు కూడా రాలేదు. మావాడు, అదే పాడేవాడు, ఈ ఊరికి మనం అక్కర్లేదురా అన్నాడు. అప్పటికే మా మధ్య అంతంతమాత్రం. ఆ మాటతో అయిపోయింది."

ఖాళీ కుర్చీ ఉస్సుమని మిగిలిన గాలి వదిలింది.

"నేను ఉత్తరం గేటు" అన్నాడు సెలూనాయన, అద్దానికే చెబుతున్నట్టు. "అందరూ లోపలుంటే నేనొక్కణ్ణే బయట ఉండిపోయాననుకున్నాను."

తూర్పు గేటు దగ్గర సైకిళ్ల స్టాండులో తను నిలబడ్డానంది పోస్టమ్మ. తనదీ ఉత్తరం గేటేనన్నాడు పళ్ల డాక్టరు. అయితే నాకు కనపడలేదేమని సెలూనాయన నిలదీశాడు. స్తంభానికి అవతల తడుస్తూ ఎవరో ఉన్నట్టు గుర్తని, పలకరిద్దామనుకుని సిగ్గుపడ్డానని పళ్ల డాక్టరు ఒప్పుకున్నాడు. నా దగ్గర గొడుగుంది, మీ దగ్గర లేదు, ముప్పై ఏళ్లు తడిశారు అన్నాడు. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

"మరి డ్రమ్ములు మోగాయే?" అంది పోస్టమ్మ. "నేను నా చెవులతో విన్నాను."

"ఉరుములమ్మా అవి" అన్నాడు డ్రమ్ములాయన. "అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు."

ఆయన కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. షట్టరు దాకా వెళ్లి ఆగాడు. వీధి వైపే చూస్తూ, పెద్దగా పట్టింపు లేనట్టు అడిగాడు.

"అయితే మీ నలుగురే వచ్చారన్నమాట."

ఆ టికెట్ల కిటికీ చూరు కింద లిఫ్టాయనతో పాటు ఎవరూ లేరు. ఒక కుక్క ఉండేది, అది కూడా మధ్యలో లేచి వెళ్లిపోయింది. ఇకమీదట అబద్ధమాడకూడదని ఆయన ఒట్టు పెట్టుకుని గట్టిగా పావుగంట కూడా కాలేదు.

"నలుగురేమిటండీ" అన్నాడు. "మా దక్షిణం గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. తోపులాటలో నా చెప్పు కూడా పోయింది."

సెలూనాయన మొహం విప్పారింది. ఉత్తరం గేటు దగ్గరైతే ఆడాళ్లు పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడ్డారని అందుకున్నాడు. అందులో ఒకరి పిల్ల తన గొడుగు లాక్కుందన్నాడు పళ్ల డాక్టరు. సైకిళ్ల స్టాండు మీద జనం ఎక్కి అది కూలిపోయిందని పోస్టమ్మ చెప్పింది.

డ్రమ్ములాయన ఇటు తిరిగాడు. లావుపాటి వేళ్లు తాళాల గుత్తి మీద టకటకమని ఏదో వాయిస్తున్నాయి.

"నిజమేనా?"

"నిజమండీ" అన్నాడు లిఫ్టాయన. "ఇంతకుముందు చెప్పినవే అబద్ధాలు."

డ్రమ్ములాయన ముక్కు చీదుకున్నాడు. ఉన్న నాలుగు కుర్చీల్లో మూల కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. అది ఆయన్ని మోయలేక నేలకి అంటుకుంది. లిఫ్టాయన స్క్రూడ్రైవరు తీసుకుని పక్కన చతికిలపడ్డాడు.

ఇప్పుడు ప్రతి మంగళవారం పక్క ఊరి నుంచి డ్రైవింగు బడి కారు కూడా వస్తోంది. దక్షిణం గేటు దగ్గరి జనం వారం వారం పెరిగి, మొన్నటి వారానికి ఊరిచివరి రైలు వంతెన దాటారు.