పగటి నిద్రకు కాపలా

కాలి కట్టు విప్పిన మర్నాడు పొద్దున్న అచ్చియ్యమ్మ వేసుకున్న పథకం చిన్నదే. మొగుడు గణపతిరావు కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడవాలి, తిరిగొచ్చి గంజి తాగి హాయిగా పడుకోవాలి. చెరకు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న మనిషికి విశాఖపట్నం డాక్టరు చెప్పిన వైద్యం ఈ రెండే. నడిపించండి, నిద్రపోనివ్వండి, నిద్రలోనే ఒళ్లు కోలుకుంటుంది అన్నాడాయన. చోడవరంలో గానుగలు ఆడే రోజులు దగ్గరపడుతున్నాయి. బెల్లం పాకం దింపే అదును ఆ ఇంట్లో గణపతిరావుకు తప్ప మరొకరికి తెలియదు. అతను పెనం దగ్గర నిలబడలేకపోతే ఏడాది కష్టమంతా మాడిపోతుంది.

నడక బాగానే మొదలైంది. నిద్రకే అడ్డం వచ్చింది, వడ్డాది నుంచి దిగిన ఆడపడుచు సన్యాసమ్మ. దెబ్బ తగిలినవాడు పగలు పడుకుంటే కాలికి నీరు దిగుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ నమ్మకమంటే ఆ ఇంట్లో శాసనం. రాత్రంతా సలుపుతో కన్ను మూతపడని గణపతిరావుకు పగలు రెప్ప వాలితే చాలు, ఆవిడ భుజం పట్టి కుదిపేది.

కుదిపి కుదిపి చెయ్యి నొప్పెట్టి, పక్కింటి బంగార్రాజును కబుర్లకు కూర్చోబెట్టింది. బంగార్రాజు వినేవాళ్లు చాలక మరికొందరిని పిలిచాడు. పేక కూడా వచ్చింది. మిట్టమధ్యాహ్నం అరుగు ముందు అన్ని చెప్పులు చూసిన ఎవరో, గణపతిరావుకు ముంచుకొచ్చిందని బుచ్చయ్యపేట కబురంపారు. అక్కడి చుట్టాలు ఏడవడానికి సిద్ధపడి బండి కట్టుకుని వచ్చారు. మనిషి బతికే ఉండటం చూసి కాస్త తెల్లబోయి, ఎలాగూ వచ్చాం కదా అని ఉండిపోయారు. అచ్చియ్యమ్మకు పొయ్యి దగ్గర్నుంచి లేవడం కుదరలేదు.

గుమ్మం దాకా నడిచిన మనిషి ఇప్పుడు మంచం దిగితే తూలుతున్నాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి.

"డాక్టరుగోరు నిద్దరే మందన్నారు వదినా," అంది అచ్చియ్యమ్మ ఉండబట్టలేక.

"డాక్టరుకేటి తెల్సు? ఆయన సదివింది పుస్తకం. నాను సూసింది కాళ్లు," అంటూ సన్యాసమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని గిరుక్కున తిరిగింది. చుట్టాలు కాళ్లు కడుక్కున్న బురదలో జారింది. చీలమండ బెణికింది.

తమ్ముడి పక్కనే మరో మంచం వేసి, ఆవిడ కాలికి పట్టు వేశారు. అది పూర్తయ్యేలోగానే ఆవిడ రెప్పలు వాలాయి. కాపలా కాసినవాళ్లకు మాత్రం ఇన్నాళ్లూ నిద్ర ఎక్కడిది?

"పగలు పడుకోకూడదు వదినా, కాలికి నీరు దిగతాది," అంటూ అచ్చియ్యమ్మ భుజం తట్టింది. మరీ గట్టిగా తట్టిందని చెప్పలేం.

"నా కాలు సంగతి నాకు తెల్సు. ఎవలైనా నోరిప్పేరంటే..." అంటూనే సన్యాసమ్మ గుర్రు పెట్టింది.

ఆవిడ నిద్ర చెడగొట్టే ధైర్యం ఎవరికుంది? పేక ఆగింది. బంగార్రాజు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. చుట్టాలు గుసగుసగా సెలవు తీసుకున్నారు. గణపతిరావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ చీలమండ బెణుకు తగ్గేదాకా ప్రతి మధ్యాహ్నం ఇల్లు అలాగే ఊపిరి బిగబట్టుకుంది. అతని తూలుడు తగ్గింది, తర్వాత కర్రతో పని తగ్గింది.

గానుగ మొదలైన రోజు గణపతిరావు పెనం పక్కన తన కాళ్ల మీద నిలబడి పాకం దింపించాడు. అచ్చియ్యమ్మకు కళ్లు చెమర్చాయి. పొగ వల్లేనని అందరినీ అనుకోనిచ్చింది.

"సూసేవా," అంది సన్యాసమ్మ వేడి బెల్లం నోట్లో వేసుకుంటూ. "నిద్దరోబట్టి నా కాలు తగ్గింది. నాను నిద్దరోనియ్యకపోబట్టి ఆడి కాలు నిలబడింది."

అచ్చియ్యమ్మ ఔనంది. కాదనాలంటే ఓపిక ఉండాలి. ఇన్నాళ్లూ తను ఎప్పుడు పడుకుందో అటు డాక్టరూ అడగలేదు, ఇటు ఆడపడుచూ అడగలేదు.